ఖంగుమనని కుండలు

బూజు తర్వాత 19వ ఏడు, మార్చి 4
గవి బయట 39 డిగ్రీలు, గవి లోపల 31.

ఈ రోజు నుంచి మట్టి పద్దు విడిగా రాస్తున్నాను. ప్రయోగశాల పుస్తకంలోనే రాస్తే నా మనవరాలు సుంకులు ప్రతి పేజీ అంచునా తన అద్దాలబట్టి గొప్పలు రాసిపెడుతోంది.

రేవు నుంచి వారం వారం రైల్లో వచ్చే మంచు ఇక రాదు. అక్కడ ఒక్క మంచు కర్మాగారమే మిగిలింది, అది రేవు ఆసుపత్రికే చాలడం లేదట. ప్లాస్టిక్ తినే బూజు కరెంటు తీగల తొడుగులను కూడా వదలలేదు కాబట్టి ఫ్రిజ్ అంటే ఏమిటో మా గవిమిట్ట పిల్లలకు బొమ్మల్లో చూపించాల్సిందే. మంచు లేకపోతే ఇన్సులిన్ నిలవదు. ఇరవై అయిదు డిగ్రీలు దాటితే పాడవుతుంది. మా ఊళ్ళో ఆ మందు మీద బతికేవాళ్ళం పన్నెండు మందిమి. అందరిలోకీ చిన్నది ఆసుపత్రి చూసుకునే మద్దిలేటి కూతురు. పెద్దదాన్ని నేను.

మందుల రైలు వాళ్ళు ఒక దారి చూపించారు. మందును సొంతంగా చల్లగా ఉంచుకోగల ఊరికి నెలకు సరిపడా ఇచ్చి వెళ్తారు. ఉంచుకోలేని ఊళ్ళ రోగులను రేవు వసతిగృహానికి తరలిస్తారు. అక్కడ గదికి ఆరుగురు. సూక్ష్మదర్శిని పెట్టుకోవడానికి బల్ల ఇవ్వరు. ఉత్తరం రాసి కనుక్కున్నాను.

మా గవి కొండగుహ, దాని లోపల చెమ్మ ఎక్కువ, అక్కడ ఏదీ చల్లబడదు. గవి నోటి దగ్గర నీడలో పొడిగాలి వీస్తుంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక నింపి ఆ గాలిలో ఉంచితే లోపలి కుండ చల్లబడాలి. కుండలు చేసేది సుంకులు. కాల్చేది ఆమె అద్దాలబట్టి. పొగ నిషేధం వచ్చాక కట్టెలూ పిడకలూ కాల్చకూడదు కనుక, కొండ మీద అద్దాలు నిలబెట్టి ఎండనంతా ఒక్కచోట కలిపి బట్టిని వేడెక్కిస్తుంది.

నా ఇనప పెట్టె మాత్రం సర్ది పెట్టుకున్నాను. భయంతో కాదు. సర్దుకోవలసి వస్తే తొందరలో మడతలు పాడవుతాయి.

మార్చి 15
బయట 41, లోపల 31.

బట్టి తెరిచాం. ఎర్రగా, నున్నగా, ఒక్క పగులు లేకుండా వచ్చాయి. సుంకులు ఒక కుండను చేతిలో ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది. అంతే, వరసలో నిలబడ్డ ప్రతివాళ్ళూ కొట్టి చూడటం మొదలుపెట్టారు. మద్దిలేటి రెండు కుండలు ముందు పెట్టుకుని దరువు కూడా వేశాడు.

"ఏం మోత పెద్దమ్మా! పెండ్లికి బాజా అక్కర్లే" అన్నాడు.

"చూస్తివా జేజీ" అంది సుంకులు. "తొమ్మిదొందల డిగ్రీలు! బూడిద దిబ్బలో నీ పాతకాలపోళ్ళు కలలో గూడ చూసిండరు."

బూడిద దిబ్బ మా ఊరి వెనకే ఉంది. రాతి గొడ్డళ్ళ కాలం మనుషులు పశువుల పేడను ఏళ్ళ తరబడి కుప్పవేసి కాల్చగా మిగిలింది. అందులో దొరికిన కుండ పెంకులే నా చదువు, నా ఉద్యోగం, ఇప్పుడు నా కాలక్షేపం.

"వాళ్ళ కుండలు నాలుగు వేల ఏళ్ళుగా ఉండాయి. నీవి ఇంకా చల్లారలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. సుంకులు కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

మార్చి 19
బయట 42, లోపల 31, కుండలో 24 (కాసేపు).

మందుల రైలు అధికారి ఖైరున్నీసా వచ్చింది. పొడవైన మనిషి, నలభై దాటి ఉండవు. సొంత థర్మామీటరును తోలు సంచిలో పెట్టి మెళ్ళో వేసుకుంది. ఎవరి థర్మామీటరునూ నమ్మదట. నాకు నచ్చింది.

గవి నోటి దగ్గర ఆరు జతల కుండలు, తడి ఇసుకతో, వరసగా. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాం. ఆమె కుండను వేలితో కొట్టింది, ఖంగుమంటే తల ఊపింది. థర్మామీటరు లోపల ఉంచి తీసింది. ఇరవై నాలుగు.

"బాగుండాది" అని కలం తీసింది.

అప్పుడు టప్‌మంది. కుండ ఒంటి మీద నుంచి బిళ్ళంత పెంకు ఎగిరి ఆమె మజ్జిగలో పడింది. ఆ వెంటనే పక్క కుండ, తర్వాత దాని పక్కది. మొదటి కుండ నడుము దగ్గర చీలి తడి ఇసుకంతా ఆమె చెప్పుల మీద పోసింది.

"జొన్నపేలాలు వేపినట్టుంది గదమ్మా" అన్నాడు మద్దిలేటి, ఏదో ఒకటి అనాలని.

"కుండలు చేస్తిరా, టపాకాయలు చేస్తిరా?" అంది ఖైరున్నీసా. కాళ్ళు దులుపుకుంది. కానీ కోపంగా లేదు. "మందు ఇప్పుడియ్యలేను. ఈ నెలకు నా మంచుపెట్టెలో నుంచి కొంచెం ఇచ్చిపోతా, పెట్టె గూడ ఇక్కడే పెట్టిపోతా, చుట్టూ రంపపు పొట్టు నింపింది గాబట్టి నెలదాకా నిలుస్తాది. మంచు కరిగేలోగా ఏదో ఒకటి చేసుకోండి. ఏప్రిల్ పద్దెనిమిదికి మళ్ళొస్తా. ఆ రోజు గూడ ఇట్లనే అయితే పన్నెండు మందికీ టికెట్లు తెస్తా."

మద్దిలేటి ఆ తర్వాత జోకులు వేయలేదు.

సుంకులు కొండెక్కి బట్టి దగ్గర కూర్చుంది. జొన్నరొట్టె, పప్పు తీసుకుని నేనూ ఎక్కాను. ఏడ్చింది అని రాయను. కళ్ళలో ఇసుక పడిందని ఆమె చెప్పింది, అదే రాస్తున్నాను.

మార్చి 20
బయట 42, లోపల 31.

ఎగిరిపోయిన ప్రతి పెంకు కిందా చిన్న గుంట ఉంది. ప్రతి గుంటలోనూ ఒక తెల్లని గింజ ఉంది. నాలుక మీద పెడితే మండింది. సున్నం.

ఇది ఊహించలేనిది కాదు. మా నేలంతా సున్నపురాయి, మా మట్టి నిండా దాని నలుసులు. ఆ రాయిని బాగా కాల్చి నీళ్ళు చల్లితే ఉబ్బి పొంగడం ఇల్లు వెల్లవేసిన వాళ్ళందరికీ తెలుసు. బట్టిలో నలుసులు కాలి సున్నమయ్యాయి. తడి ఇసుకలోని నీళ్ళు తాగాయి. ఉబ్బి, మీది పొరను తోసేశాయి.

"జల్లెడ పట్టి గింజలన్నీ తీసేద్దాం" అంది సుంకులు, పొద్దున్నే, కొత్త ఉత్సాహంతో. పట్టాం. జల్లెడ కింద పడిన మట్టిలో కూడా పిండిలా సున్నపురాయి ఉంది. వేరే మట్టి కావాలంటే ఎక్కడో దూరాన ఉన్న ఏటి ఒడ్డుకు వెళ్ళాలి. బండి వెళ్ళి వచ్చేలోగా ఖైరున్నీసా టికెట్లతో వస్తుంది.

మార్చి 23
బయట 43, లోపల 31.

నాకు నిద్రలో కూడా ఒకే ప్రశ్న. దిబ్బ వాళ్ళు తవ్వుకున్నదీ ఇదే మట్టి. వాళ్ళ పెంకులు నాలుగు వేల వానల్లో తడిశాయి. అవెందుకు పేలలేదు?

పాత పెంకు నుంచి ఎప్పుడో కోసి ఉంచిన పలచని ముక్కలు మళ్ళీ తీశాను. పెంకు ముక్కను గాజుపలక మీద జిగురుతో అతికించి, వెలుతురు దూరేంత పలచన అయ్యేదాకా సన్న ఇసుక మీద అరగదీయాలి. ఒక్కో ముక్కకు ఒక పూట పడుతుంది. చేయి తొందరపడితే అంతా పొడి. సుంకులు ఈ పని ఎప్పుడూ చేయలేకపోయింది.

సూక్ష్మదర్శిని అద్దాన్ని ఎండ వైపు తిప్పి చూశాను. పాత పెంకులో సున్నపురాయి పలుకులు ఉన్నాయి. మన వాటికంటే పెద్దవి, ఎక్కువ. అంచులు కలకండ పలుకుల్లా పదునుగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే మంట వాటిని విరగ్గొట్టలేదు. ఏడొందల డిగ్రీలు దాటి చాలాసేపు ఉంటే అవి అలా ఉండవు.

సుంకులును పిలిచి చూపించాను.

"అయితే ఏందిలే" అంది. "వాళ్ళకు అంత వేడి తెచ్చేది రాలేదు."

"రాకపోవచ్చు. అక్కర్లేక తేకపోవచ్చు. ఆ సంగతి పెంకు చెప్పదు. తక్కువ వేడిలో కాల్చినారని మాత్రం చెప్తాది."

ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత ఇలా అంది: "జేజీ, కాలిన సున్నం గాలి తగిలితే మెల్లగ మళ్ళీ రాయి అయితాది గదా? నాలుగు వేల ఏండ్లు భూమిలో ఉంటే మళ్ళీ పలుకులు కట్టుండొచ్చు. ఎక్కువ వేడి పెట్టలేదని ఎట్లజెప్తావు?"

అలా తిరిగి కట్టిన రాయి మబ్బుగా, పిండిలా ఉంటుంది, ఇంత పదును రాదు అన్నాను. నమ్మలేదు. "నీ కంటికి పదును, నా కంటికి పిండి" అంది.

వాదన బాగుంది. నేను నేర్పిన దానితోనే నన్ను కొట్టింది. అందుకు కోపమూ వచ్చింది, రాత్రి అన్నంలో ఆమెకు నెయ్యి ఎక్కువగానూ వేశాను.

మార్చి 27
బయట 43, లోపల 31.

తేలాలంటే ఒకటే మార్గం. పాత పెంకును అద్దాలబట్టిలో పెట్టి తొమ్మిది వందల డిగ్రీల్లో మళ్ళీ కాల్చాలి. నేను చెప్పింది నిజమైతే, నాలుగు వేల ఏళ్ళు పేలనిది ఇప్పుడు పేలుతుంది.

పెంకుల పెట్టె మీద "ముట్టుకోవద్దు" అని ఉంది. నా చేతిరాతే. ప్రతి పెంకుకూ అంకె ఉంది, దొరికిన లోతు ఉంది, బొమ్మ ఉంది. పలచని ముక్కలకు కోసిన అంచులు తప్ప, ఒక్కదాన్నీ ఇంతవరకు పాడు కానివ్వలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటే తీసి, చూసి, లోపల పెట్టాను. గోటి గీతలున్నవి పక్కన పెట్టాను. మూతి అంచులు పక్కన పెట్టాను. చివరికి 114 మిగిలింది. కుండ అడుగు ముక్క, ఏ అలంకారమూ లేనిది. అలాంటివి నా దగ్గర ఇంకో పదకొండు ఉన్నాయి. అయినా 114 ఒక్కటే.

పట్టకారుతో రెండుగా విరిచాను. చప్పుడు చిన్నదే.

"నేను ఒకతూరి దుమ్ము దులిపితేనే వారం దినాలు తిట్టె ఈయమ్మ" అన్నాడు మద్దిలేటి. ఇప్పటికీ తిడతాను. గుడ్డ తడిగా ఉంది ఆ రోజు.

ఒక సగం బట్టిలోకి వెళ్ళింది. రెండో సగం బల్ల మీదే ఉంది.

మార్చి 30
బయట 43, లోపల 31.

బట్టిలోంచి తీసిన సగాన్ని సుంకులు వేలితో కొట్టి చూసింది. ఖంగుమంది. బల్ల మీది సగం ఎప్పటిలాగే దబ్బుమంది. రెండింటినీ తడిగుడ్డల్లో చుట్టి ఉంచాం.

ఈ రోజు విప్పాం. దబ్బుమన్నది అలాగే ఉంది. ఖంగుమన్నది పేలాలై, నా వేళ్ళ మధ్య పొడైంది.

నేను గెలిచానని సుంకులు అనలేదు. నేనూ గుర్తుచేయలేదు. (ఇప్పుడు రాస్తున్నాను కదా, చాలు.)

"అయితే తప్పు నా బట్టిదా?" అంది.

"బట్టి మనం చెప్పిందే చేసింది. మోత విని మార్కులేసింది మనం. ఊరంతా వరస కట్టి కొట్టి చూసి మురిసిపోలేదా? ఆ అధికారి కూడా కొట్టే చూసింది."

"కాదు జేజీ, మెత్తగ కాల్చిన కుండ నీళ్ళు కారుతాది గదా?"

"కారాలి. ఒళ్ళంతా చెమర్చాలి. చెమట పట్టని కుండ నీకు చల్లదనం యాడ నుంచి తెస్తాది?"

సుంకులు కొండ వైపు చూసి, "తొమ్మిదొందల డిగ్రీలు తెచ్చేదానికి నాకు మూడేండ్లు పట్టె. ఇప్పుడు తగ్గించేది నేర్చుకోవాల్నా?" అని నవ్వింది. ఈసారి ఆలస్యం లేకుండా.

ఏప్రిల్ 3
బయట 44, లోపల 31.

అద్దాలు బిగించినవి, తిప్పితే మళ్ళీ సరిచేయడానికి నెల పడుతుంది. అందుకని కొన్నింటిని కప్పేయాలి. దేనితో? గోనెసంచులు విత్తనాలకు పోయాయి. చీరలతో, అంది సుంకులు.

ఇంటింటికీ తిరిగింది. పాలిస్టర్ చీరలను బూజు తినేసిన సంవత్సరం వాటిని కట్టుకుని పెళ్ళికి వెళ్ళిన వాళ్ళ అగచాట్లు ఇక్కడ రాయను. ఇప్పుడున్నవన్నీ నేతవే, పట్టువే. ఎవరి చీర ఏ అద్దానికో రాసుకున్నాను, తిరిగి ఇచ్చేటప్పుడు తగాదా రాకుండా. నేను సర్దిన పెట్టె తెరిచి, పట్టా పుచ్చుకున్న రోజు కట్టుకున్న గచ్చకాయ రంగు పట్టుచీర ఇచ్చాను. మడత మీద మడత పడాలని చెప్పాను. సుంకులు "సరే" అంది, చేయదు.

ఇక వేడి కొలవాలి. మా దగ్గరున్న కొలమానం ఎనిమిది వందల కింద పనిచేయదు, దాన్ని కట్టినప్పుడు అంతకు తక్కువ ఎవరికి కావాలి అనుకున్నారు. నేను వంటింట్లోంచి పాత సత్తు (అల్యూమినియం) గరిటె తెచ్చి ముక్కలు చేశాను. సత్తు ఆరువందల అరవైకి కరుగుతుంది. ముక్క కరిగితే వేడి ఎక్కువైనట్టు. కరగకపోతే, కుండను నీళ్ళలో వేసి చూడాలి. మట్టిగా విడిపోతే వేడి చాలనట్టు.

ఏప్రిల్ 9
బయట 44, లోపల 31.

మొదటిసారి: సగం అద్దాలు కప్పాం. సత్తు కరిగి ముత్యంలా ఉండకట్టింది. ఎక్కువ.

రెండోసారి: మరీ ఎక్కువ కప్పాం. సత్తు అలాగే ఉంది, మేం ఎగిరి గంతేశాం. (నేను గంతేయలేదు.) కుండను తొట్టిలో ముంచితే మద్దిలేటి చూస్తుండగానే బురదైంది. "అంబలి తయారు, ఎవరికి గావాల?" అన్నాడు. అతను మళ్ళీ జోకులు వేస్తున్నందుకు ఏమీ అనలేదు.

మూడోసారి మధ్యలో గాలిదుమారం లేచి చీరలు ఎగిరిపోయాయి. ఊరంతా కొండ కింద చీరల వెంట పరుగు. నా పట్టుచీర రేగుకంపకు చిక్కింది. చిరుగు జానెడు. రాసిపెట్టాను.

నాలుగోసారి, అంచులకు రాళ్ళు కట్టి. ఈ రోజు తెరిచాం. సత్తు ముక్క కోసిన అంచులతో అలాగే ఉంది. కుండను తొట్టిలో ముంచి, మధ్యాహ్నం భోజనాలు చేసి వచ్చి తీశాం. కుండ కుండగానే ఉంది.

సుంకులు అలవాటు కొద్దీ వేలితో కొట్టింది. దబ్బుమంది. ఆమె ముఖం వాడిపోయింది, తర్వాత గుర్తొచ్చి వెలిగింది.

నేను కుండ అంచును గోటితో నొక్కి చూశాను. 114 లాగే గోటికి కొంచెం లొంగింది.

ఏప్రిల్ 18
బయట 45, గవి నోటి దగ్గర నీడలో 41.

కుండలు తొమ్మిది రోజులుగా తడి ఇసుకతో ఉన్నాయి. ఒక్కటీ చప్పుడు చేయలేదు.

ఖైరున్నీసా టికెట్లు నిజంగానే తెచ్చింది. సంచిలోంచి కనపడుతున్నాయి. మద్దిలేటి కూతురు వాటినే చూస్తూ నిలబడింది.

"కొండ మీద ఆ చీరలేంది? రైల్లో అందరూ ఏం పండగని అడగబట్టిరి" అంది ఖైరున్నీసా. కుర్చీని కుండలకు దూరంగా జరుపుకుంది. మజ్జిగ వద్దంది.

తర్వాత వంగి కుండను కొట్టింది. దబ్‌.

"అయ్యో" అంది. "ఇది పగిలిందమ్మా."

"పగల్లేదు."

"చప్పుడు జూడు ఎట్లుందో. మా ఇంట్లో అయితే ఇట్లాంటిది అంగట్లోనే వెనక్కిస్తాం."

"మేమూ అట్లనే ఇచ్చేవాళ్ళం. కొట్టి చూడొద్దు, చేత్తో తడిమి చూడు."

అరచేయి పెట్టింది. కుండ ఒళ్ళంతా చల్లగా చెమర్చి ఉంది. ఆమె చేయి వెంటనే తీయలేదు. ఎండన పడి వచ్చిన మనిషి, రెండో చేయి కూడా పెట్టింది. ఆ తర్వాత తోలు సంచిలోంచి థర్మామీటరు తీసి లోపల పెట్టింది. అందరం చూస్తున్నాం. మద్దిలేటి పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

ఇరవై మూడున్నర.

నమ్మక మళ్ళీ పెట్టింది. సాయంత్రం రైలు కూసేదాకా అక్కడే కూర్చుని పెడుతూనే ఉంది. ఇరవై నాలుగు దాటలేదు. మధ్యలో తనే అడిగి మజ్జిగ తాగింది.

పన్నెండు మందికీ నెల మందు ఇచ్చింది. టికెట్లు చింపి మద్దిలేటి కూతురి చేతిలో పోసింది. ఆ పిల్ల వాటిని గాలిలోకి ఎగరేసింది. ఊడ్చిపెట్టమని చెప్పాను.

"పై ఊర్లకు గూడ ఇట్ల నేర్పిస్తారా?" అంది ఖైరున్నీసా, రైలెక్కుతూ.

"నేర్పిస్తాం" అంది సుంకులు. "మొదుట వాళ్ళ వేళ్ళు కట్టేసుకోని రమ్మను."

ఏప్రిల్ 20
బయట 45, లోపల 31, కుండలో 24.

చీరలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాం. తగాదాలు రెండే.

పేలిపోయిన మొదటి కుండల పెంకులు గవి నోటి దగ్గర ఇంకా కుప్పగా ఉన్నాయి. వాటిని దిబ్బ పక్కన పూడ్చిపెట్టాలని నిర్ణయించాను. దానికి నా ఇనప పెట్టె ఖాళీ చేశాను. ఇనుము తుప్పు పట్టి పోతుంది, పెంకులు ఉంటాయి.

"చీటీ రాసి పెడదామా జేజీ?" అంది సుంకులు. "తప్పుగ కాల్చినాం, మీరిట్ల చేయొద్దండీ అని?"

"వద్దు. తవ్వినోళ్ళు అద్దం కింద పెట్టి చూసుకోనీ. అన్నీ మనమే చెప్తే వాళ్ళేం చేయాలి?"

అన్నాను కానీ, మూత వేసే ముందు 114 రెండు సగాలను పైన పక్కపక్కనే పెట్టాను. గట్టిగా ఉన్నది ఒకటి, పొడైనది మట్టి మూకుడులో ఒకటి. తెలివైన వాళ్ళయితే ఇది చాలు.

పెట్టె పూడ్చి ఇంటికి వచ్చాక సుంకులు నా మంచం మీది గుట్టను చూసి, "మరి నీ బట్టలు యాడ పెట్టుకుంటావు?" అని అడిగింది.

దండెం మీద వేశాను. ఎక్కడికీ వెళ్ళని మనిషికి పెట్టె ఎందుకు?